సరిపోలలేదు

నాలుగో రోజు కూడా దాలమ్మే ముందొచ్చింది.
సచివాలయం తాళం తీసేసరికి
మెట్టు మీద కూర్చుని, రెండు చేతులూ
కొంగులో చుట్టుకుని ఉంది,
ఎవరికో తిరిగిచ్చేయాల్సిన సామానులా.

కాశీబుగ్గలో ఈ వేళకి గాలంతా
జీడిపిక్క కాల్చిన వాసన.
ఆమె వేళ్లదీ అదే.

బొటనవేలు. ఎర్రలైటు.
చూపుడువేలు. ఎర్రలైటు.
తడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె రాసి, మళ్లీ తుడిచి,
నా వేలితో ఆమె వేలిని గాజుకి అదిమిపట్టాను.
తెర మీద చక్రం తిరిగి తిరిగి
సరిపోలలేదంది.
భర్త పోయాక వచ్చే పింఛను
ఆమె ఆమేనని తేలేదాకా రాదు.

ఇరవై రెండేళ్లుగా పిక్క కొడుతోంది.
పెంకులో సొన ముందు తోలు తిన్నది, తర్వాత గీతలు.
పప్పు మాత్రం ఒక్క మచ్చ లేకుండా
డబ్బాల్లో ఊళ్లు దాటిపోయింది.

"ఓ వారం పన్లోకి వెళ్లకమ్మా, గీతలు తిరిగొస్తాయి."
శిక్షణలో నేర్పిన మాటే అన్నాను.
నవ్వింది.
"గీతలొస్తాయి బావూ,
కూలి డబ్బులెవులిస్తారు?"

ఓటీపీ అన్నాను.
ఆ నంబరు, కార్డు చేయించిన రోజు
జెరాక్సు కొట్టు కుర్రాడు రాసిన తన నంబరు.
ఆ కొట్టిప్పుడు పకోడీ బండి.
కన్ను చూపించమన్నాను.
ఎడమకంటి పొర దగ్గర యంత్రం ఆగిపోయింది.

అప్పుడు కొంగుముడి విప్పి పెన్ను తీసింది.
సొంత పెన్ను.
"ఏలిముద్రోలని ఎక్కిరిస్తే
రేత్రిబడికెల్లి నేర్సుకున్నాను.
నాను సంతకం ఎట్టినానంటే
మేనేజరు గూడా నోరెత్తడు.
ఇప్పుడు మల్లీ ఏలే కావాలేటి?
కాయితం ఇయ్యి."

ఇచ్చాను.
దరఖాస్తేమీ కాదు, ప్రింటరులో నలిగి
బయటపడ్డ తెల్లకాగితం.
నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని
బమ్మిడి రాసి, ఊపిరి తీసుకుని,
దాలమ్మ రాసింది.
దీర్ఘం కాస్త పక్కకి ఒరిగింది,
గోడకి జారేసిన నిచ్చెనలా.

పోర్టలంతా వెతికాను.
ఆ నిచ్చెన పెట్టేందుకు గడి లేదు.

సాయంత్రం నా హాజరు.
గాజు మీద ఆమె వదిలిన నల్లమరక,
చూసుకోకుండా దాని మీదే వేలు పెట్టాను.
సరిపోలలేదు.

గుడ్డ చేతిలోకి తీసుకుని
ఎందుకో కాసేపు ఊరికే నిలబడ్డాను.
తర్వాత తుడిచాను.
ఒక్కసారికే నేను నేనేనని ఒప్పుకుంది.

కాగితం సొరుగులో ఉంది.
రేపు అయిదో రోజు.