విదిలింపు

పడవలోంచి బాతు విసిరేవాడికి
ఈదుకొచ్చే కుక్క ముఖం కనిపిస్తుంది.
ఒడ్డున నిలబడి పంపేవాడికి వీపు.
ఆ వేసవంతా నా పని విసరడం.
డెల్ఫిన్ మామయ్య పని పంపడం.

టస్కెట్ నది సముద్రంలో కలిసే చోటు మాది.
పోటెక్కితే చెరువు, పోటు దిగితే బురద.
ముందు బెండు కుక్కిన కాన్వాసు సంచి విసిరాను,
తర్వాత ఆ సంచికే రెక్క కట్టి,
తర్వాత నిజం బాతు, ఫ్రీజర్లోంచి తీసింది,
ఓజీత్ అత్తయ్య బ్లూబెర్రీల పక్కనే పడుకుని
రాయిలా బిగిసినది.
"ఇదే ఆఖరు" అనేది అత్తయ్య, ప్రతిసారీ.

రూస్ అంటే మా మాటలో ఎర్రది.
నీళ్ళంటే దానికి వెర్రి. తూటా చప్పుడుకి చెవి కూడా వంచదు.
బాతు ఎక్కడ పడిందో నాకన్నా దానికే బాగా గుర్తు.
చిక్కంతా ఒడ్డున.
కాళ్ళకి నేల తగిలిందా,
బాతుని కింద పెట్టేసేది.
ముక్కు నుంచి తోక దాకా ఒక్క విదిలింపు,
చుట్టూ గొడుగంత నీటి ముసురు.
ఆపైన బాతు ఎవరిదో, తనెవరిదో!

పరీక్షలో బాతు చేతికి రావాలి.
నేలకి తగిలితే పోయినట్టే.

"కసరకు" అన్నాడు మామయ్య.
"తడిసిన ఒంటిది న్యాయమే.
కాస్త ఆగమని అడగాలి, అంతే."

అడగడమంటే తనే నీళ్ళలోకి దిగడం.
మొదట నడుము లోతున నిలబడి
దాని కాళ్ళకి నేల అందకముందే
నోటి దగ్గర చెయ్యి పెట్టేవాడు.
చెయ్యి గట్టిగా పట్టుకున్నాకే వదలాలి. అదొక్కటే షరతు.
వారానికో అడుగు వెనక్కి జరిగాడు.
తొడ. మోకాలు. పిక్క.
ఆగస్టు ఆఖరుకి పొడి ఇసుక.

ఆ నెలలోనే ఆయన
ఈల ఎడమ చేతికి మార్చాడు.
కుడి చెయ్యి జేబులోంచి రావడం మానేసింది.
దుప్పటి కింద పిట్ట కొట్టుకున్నట్టు
జేబు కదులుతుంటే
నేను తెడ్లు చూసుకునేవాణ్ణి.
అత్తయ్యకి తెలుసో లేదో. నేనడగలేదు.

సెప్టెంబరు రెండో శనివారం, వాన పడీ పడనట్టు.
జడ్జి మ్యూరియల్ క్రోకర్,
కోడిగుడ్డుకి ఈకలు పీకే మనిషని పేరు.
రెల్లు చాటున పడవలో నేను.
తుపాకి పేలింది. విసిరాను.
రూస్ నా వైపే వచ్చింది, చెవులు నీటి మీద తేలుతూ.
బాతుని మెడ దగ్గర కాదు, రొమ్ము దగ్గర,
రొట్టె పట్టినట్టు మెత్తగా పట్టింది.
వెనక్కి తిరిగింది.

అప్పుడు నాకు దాని వీపు కనిపించింది.
మొదటిసారి, మామయ్య ముఖం.

నేల తగిలింది.
తొడల దగ్గర తోలు తెరలు తెరలుగా వణికింది.
విదల్చలేదు.
గీత దగ్గరకొచ్చి కూర్చుని తలెత్తింది.
మామయ్య కుడి చెయ్యి చాచాడు. అదే అలవాటు చేశాడు కదా.
వేళ్ళు బాతుని తాకుతున్నాయి, జారుతున్నాయి.
పట్టు లేదు.
రూస్ వదల్లేదు.
గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి,
లోపల ఒక నదంతా బయటికొస్తానంటోంది,
అది ఆ చేతినే చూస్తూ కూర్చుంది.
జడ్జి కాగితం మీంచి కలం ఎత్తింది.

చివరికి ఎడమ చెయ్యి వచ్చి
కుడి చేతి కింద నిలబడింది.
రెండు చేతుల మధ్యకి బాతు దిగింది.

ఆ తర్వాత విదిల్చింది చూడండి!
మామయ్య మీద, జడ్జి కళ్ళజోడు మీద,
మార్కుల కాగితం మీద.
ఇంకు కరిగి నీలం మరక.
"రెండు చేతులూ చేతులే" అందట ఆవిడ, కాగితం దులుపుతూ.
నాకు వినపడలేదు. తర్వాత చెప్పారు.

నేను పడవ ఒడ్డుకి తెచ్చేసరికి
మామయ్య కుడి చెయ్యి బయటే ఉంది,
రూస్ తడి మెడ మీద
దాని ఇష్టం వచ్చినట్టు వణుకుతూ.
"తాడు అందుకో" అన్నాడు.
"పోటు దిగిపోతోంది."