మూడో వరసలో తప్పు

గిరీంపేట సందులో ఇలియాజ్ జిరాక్స్ అంగడి.
ఆధార్ కార్డులకీ మామిడితోట పాస్‌పుస్తకాలకీ నడుమ
నా వరస కూచోనుండాది,
ఆరు కాయితాలు, నీలం ఇంకు,
చెమట పడిన కాడ అలుక్కుపోయిన స్వరం.

"ఇదేం లెక్కన్నా, అన్నీ కామాలే?"
కామా అంటే ఒక్క మాత్ర ఆగడం అన్నా.
దానిమింద చుక్క పెడితే రెండు.
"ఆగేదానికి గూడా రాసుకోవాల్నా?"
రాసుకోవాల.
ఊపిరి కాయితంలో కనపడదు గదప్పా.

ఇరవై రెండేండ్లుగా బ్యాండులో క్లారినెట్టు నాది.
వాయించేదంతా ఎవురో కట్టినవే.
ఈ ఒక్కటి మాత్రం నేను కట్టినా.
పెండ్లికొడుకు కారు దిగినాక
మండపం గడప దాకా నలభై అడుగులు.
ఆ నలభై అడుగులకి, మోహనలో.

దొరస్వామి మేస్త్రి ఒక దినం విని
"ఎవురిదిరా?" అన్నాడు.
నాదే అన్నా, నేల చూస్తా.
"నీదైతే రాసిపెట్టు.
రాయని వరస నోటిమాట బాకీ,
ఎవురెత్తుకున్నా అడగలేవు."
ఆయన పోయినాక రెండేండ్లకి
నోటుపుస్తకం కొన్నా.

ధర ఎంత పెట్టాల?
మసాలదోసె అరవై.
నాకొచ్చే కూలి పెండ్లికి ఎనిమిదొందలు.
మా మేస్త్రి చెవికి ఎంత, నా పండ్ల నొప్పికి ఎంత,
నలభై అడుగుల్ని అడుగు లెక్కన అమ్మాల్నా?
ఇలియాజే తేల్చినాడు: నలభై తొమ్మిది.
చెప్పుల అంగట్లో మాదిరి.

ఇరవై మూడు దినాలు ఫోను పలకలా.
నిద్దట్లో గూడా దాన్ని తడిమేది నా చెయ్యి.
ఇరవై నాలుగో దినం
పాలు కాగతా ఉంటే టింగుమనింది.
పలమనేరు సహదేవ, నలభై తొమ్మిది రూపాయలు.
పాలు పొంగిపోతా ఉన్నాయి,
నేను ఆ టింగు ఏ స్వరమా అని
పీపీ నోట్లో పెట్టుకుని వెతుకుతా ఉండా.
పంచమం. కొంచెం తగ్గింది.

ఆపైన ఎవురూ కొనలా.

మాఘమాసం, కాణిపాకం దోవలో పక్కపక్కనే రెండు మండపాలు.
మేము ఆకుల ముందర కూచున్నాము.
గోడ అవతల నా వరస లేచింది.

కొన్నది ఒక్కడు.
వాయిస్తా ఉండేది పదకొండు మంది.
రసం కలిపిన చెయ్యితోనే లేచి పోయినా
తగువుకి.

ఒకటో వరస, రెండో వరస,
నా బిడ్డ ఇంకొకరి చొక్కాలో నడిచొస్తా ఉన్నట్టు.
మూడో వరసలో
'గ' తరవాత 'రి' రావాల.
'ని' వచ్చింది.

మోహన ఇంట్లో నిషాదానికి పీట యాడిది?
నా రాత ఇలియాజ్ కండ్లకి అట్లా కనపడిందేమో,
'రి' తల కొంచెం విరిగి 'ని' అయిపోయింది.
పదకొండు మందీ ఆ తప్పుని
దేవుడి పటం మోసినట్టు మోస్తా ఉండారు.

గడప ఉందని తెలీక
ఒక మెట్టు కిందికి జారి,
ఎవురిదో భుజం పట్టుకుని
'స' మింద నిలబడినట్టు.
సరిగ్గా ఆడే
తలొంచుకుని వచ్చే పెండ్లికొడుకు తలెత్తినాడు.
ఎందుకో నాకు తెలీదు.

క్లారినెట్టు పిల్లోడ్ని నిలేసి అడిగినా,
యాడిదబ్బా ఈ వరస?
"మా సహదేవన్న కొన్నాడు. చిత్తూరాయన రాసింది."
లామినేషన్ చేయించిన కాయితం,
కింద నా పేరు, ఇంటి నంబరుతో సహా.
ఈ 'ని' తప్పు గాదా?
"మేమూ తప్పే అనుకుంటిమి.
పది పెండ్లిండ్లు వాయించినాక
అది లేకుంటే నడక రాలేదు."

చెయ్యి ఎండిపోయింది, మెతుకులు గీరుకుంటా వచ్చేసినా.
నేనే అని చెప్పలా.

రాత్రి ఒంటిగంటకి
గ ని స. మళ్ళా, గ ని స.
పక్కింటి రెడ్డెప్ప గోడ కొట్టినాడు.
ఇంకొక్కసారి, మెల్లిగా.

తెల్లారి ఇలియాజ్‌తో చెప్తే
నాలిక కరుచుకున్నాడు.
"నా తప్పేన్నా, ఇప్పుడే దిద్దేస్తా."
వొద్దులే.
ధర పది రూపాయలు పెంచు.