వకాల్తా

జిల్లా కోర్టు బారు గదిలో
ఆయన ఫొటో తగిలించడానికి
మేకు కొట్టింది నేనే.
వంకరగా దిగింది. అలాగే వదిలేశాను.
ఆయన నిలబడే తీరూ అంతే,
ఎడమ భుజం ఎప్పుడూ ఫైళ్ళ వైపు ఒరిగి.

ముప్పై ఒక్క ఏళ్ళు
లుకలాపు తవిటినాయుడు గారి గుమస్తాని.
ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని
వాళ్ళమ్మ చేటెడు తవుడుకి అమ్మేసి
మళ్ళీ కొనుక్కున్న బిడ్డ.
బోర్డు రాసే పెయింటరు అడిగాడు,
"టి. నాయుడు అని కుదించమంటారా?"
"తవుడు తీసేస్తే నాకు మిగిలేదేటి?" అన్నారు.

ఎక్కువగా గట్టు కేసులే.
నాగావళి పొంగి సరిహద్దు రాయి మింగేసిన ఏడాది
కళ్ళేపల్లి అన్నదమ్ములిద్దరూ
ఒకే ఇసకమేట నాదంటే నాదన్నారు.
పదకొండేళ్ళ వాయిదాలు.
ఆఖరికి ఓ ఆదివారం పంచె ఎగ్గట్టి
ఇద్దర్నీ చెరో పక్క నడిపించుకుంటూ
ఏటి నడుముకి తీసుకెళ్ళి
"ఇప్పుడు చూపించండి మీ గట్టు" అన్నారు.
నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి.
రాజీ కాగితం నేను ఒడ్డునే రాశాను.
ఫీజు కింద రెండు పుచ్చకాయలు.
ఒకటి కుళ్ళింది.

ఢిల్లీ నుంచి ఫోనొచ్చిన సాయంత్రం
ఆ దేశం పేరు నాకు నోరు తిరగలేదు.
అట్లాసులో వేలు పెడితే
నా గోరు కింద దాగిపోయింది.
"రాయబారి అంటే ఏటి బాబూ?"
కాసేపు ఆలోచించారు.
"కక్షిదారు ఒకటే, సూరన్నా.
వాయిదాలే ఎక్కువ."

నల్లకోటు నాకిచ్చి వెళ్ళారు.
జేబులో చెయ్యి పెడితే
నలిగిన వెల్ఫేర్ స్టాంపు, సగం వక్క.

మొదటి ఉత్తరంలో రాశారు:
"అధ్యక్షుడికి రెండు చేతులతో ఒక కాగితం ఇచ్చాను.
అచ్చం వకాల్తానామాయే.
సంతకం రాష్ట్రపతిది.
నాకు మాత్రం అట్టడుగున
కోట్ల వేలిముద్రలు కనబడ్డాయి,
కొన్ని ఇంకు సరిగా అంటక."
పేరు పిలిచినవాడు మూడుసార్లు తడబడ్డాడట.
అంత పెద్ద హాల్లో, గాజు దీపాల కింద,
చేటెడు తవుడు.

ఇక్కడ గొంతే ఆయన ఆస్తి.
అక్కడ నోరు మూసుకోవడం కూడా డ్యూటీయే.
అభ్యంతరం అంటూ లేవబోయి
మంచినీళ్ళ గ్లాసు అందుకుంటున్నానని రాశారు.

మొన్న వానాకాలం గాలికి కొట్టుకుపోయి
నీళ్ళ మీద కనబడని గీత దాటేశారు
కళింగపట్నం కుర్రాళ్ళు తొమ్మిది మంది.
ఆ దేశం జైల్లో పడ్డారు.
ఆయన ఎవరితో ఏం మాట్లాడారో,
ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగారో
పేపర్లో రాలేదు.
నాలుగు నెలలకి
ఎనిమిది మంది ఆమదాలవలసలో రైలు దిగారు.

తొమ్మిదోవాడి తల్లి మైలపల్లి పోలమ్మ
రోజూ కోర్టు షెడ్డు కింద నా ఎదర కూచుంటోంది.
"నాయుడు బాబుకి సెప్పు నాయినా" అంటాది.
ఫోను చేస్తే ఆయన గొంతు
పెద్ద కేసు రోజుల్లోలా బొంగురుపోయి ఉంది.
"నా వాదన ఇంకా పూర్తవలేదు" అన్నారు.

ఇవాళ బీరువాలోంచి
పాత వకాల్తా ఫారం ఒకటి తీశాను.
జిల్లా కోర్టు, శ్రీకాకుళం అన్నది కొట్టేసి
పైన ఆ దేశం పేరు రాశాను.
ఇప్పుడు తప్పుల్లేకుండా వస్తోంది.
పోలమ్మ వేలు పట్టుకుని
ఇంకు బాగా అంటేలా
రెండుసార్లు అద్దాను.