పడనిది

రెండేళ్లు రొయ్యని తిట్టుకున్నా.
మైపాడు రోడ్డు షెడ్డులో
ఐసు నీళ్లలో చేతులు పెట్టి
తల గిల్లి, తోలు ఒలిచి, నరం లాగి
కిలోకింతని లెక్క రాయించుకునేదాన్ని.
సాయంత్రానికి దద్దుర్లు,
మణికట్టు కాడ, తొడుగు అంచు దగ్గర
గీత గీసినట్టు ఆగేవి.
ఆ గీతని చదవడం నాకు రాలా.

"రొయ్య పడలేదు మే నీకు" అనింది చెంగమ్మ.
సూపరవైజరూ అన్నాడు. మందుల షాపు పిల్లోడూ అన్నాడు.
అందరికీ ఇగురు వండిపెట్టి
నేను చారు పోసుకున్నా.

మా చిన్నోడి పుట్టినరోజుకి
ఎర్ర బుడగ ఊదబోయినా.
సగం ఊదినానో లేదో
బుడగ కంటే ముందు నా పెదాలు ఉబ్బినాయి.
పిలకాయలు నవ్వినారు. నేనూ నవ్వబోయినా,
గొంతు ఎవురో ముడేసినట్టు
ఊపిరి ఈలై పోయింది.

పొగతోటలో డాక్టరమ్మ
రొయ్య సంగతే ఎత్తలా.
"అరటిపండు తింటే నోరు జిలపెడతాదా?" అనడిగింది.
పెడతాది. చిన్నప్పట్నించీ.
చక్కెరకేళి గుణమే అంత అనుకున్నా.

రబ్బరు పాలంట.
ఏడనో వానల సీమలో
చెట్టుకి గాటు పెడితే కారే తెల్లటి పాలు.
ఆ చెట్టు మొహం నేనెరగను.
అయినా నా నెత్తుట్లో
దాని మింద పగ రాసుండాదంట.

ఆనక పైత్యపు తిత్తిలో రాళ్లకి ఆపరేషను.
"పొద్దున మొదటి కేసు నీదే" అన్నారు,
ఇంకొకరి తొడుగుల పొడి గాల్లోకి లేవకముందే.
కాగితం మింద ఎర్రసిరాతో రాసినా
నాకు నమ్మకం చిక్కలా.
స్ట్రెచరు తోసే అబ్బాయికి చెప్పినా,
సూదేసే నర్సుకి చెప్పినా,
మత్తు డాక్టరు ముక్కు మూసే దాకా
"రబ్బరు పడదు సామీ, రబ్బరు పడదు".
నా పేరన్నా మరిచిపోదునేమో గాని.

కళ్లు తెరిస్తే
నీలం తొడుగు చెయ్యి నా నాడి పట్టుకోనుండాది.

ఇప్పుడు షెడ్డులో నాకొక్కదానికే నీలం తొడుగుల పెట్టె,
మూత మింద కామాక్షమ్మ అని వంకర అక్షరాలు.
రొయ్యకి తప్పయిందని ఎట్ట చెప్పాలో తెలీక
ఆదివారం అరకిలో వండుకోని తిన్నా.

నిన్న అన్నాల కాడ
చెంగమ్మ చేతుల మింద కొంగు కప్పుకోని
గిన్నె మూత తియ్యకుండా కూచోనుండాది.
"చూపించు మే" అన్నా.
"ఏం లేదులే, ఐసు కొరికింది."
చూపిస్తే రేపట్నించి రావద్దంటారని దాని బెదురు.
కొంగు కింద ఆ గీత
ఏడ ఆగుంటాదో నాకు తెలుసు.