హైమా దాటినంక

సలాలాల బండెక్కినప్పుడు వాన.
వాన గూడ కాదు, కొండ మీది మబ్బు
కిందికి దిగొచ్చి గడ్డిల కూసున్నది.
ఘాటు మీదిదాకా వైపర్లు కొట్టుకున్నయి.
అవతలికి తిరిగిననో లేదో
అద్దం మీది ఆఖరి చుక్కను గాలి తుడుచుకపోయింది.
ఇగ మస్కట్ దాకా వెయ్యి కిలోమీటర్ల ఎండు.
వెనక నాలుగు టన్నుల వంజరం, మంచుల.

రేడియోకు మర లేదు.
బండి నాకప్పజెప్పి గుల్ జమాన్ పెషావర్ పోయిన దినం
ఆ మరను గూడ ఎందుకో జేబుల ఏసుకపోయిండు.
మిగిలిన ఇనుప మొలను పటకారుతో తిప్పాలె.
తుమ్రైత్ దాటినంక ఎటు తిప్పినా ఒక్కటే గొంతు.
ఖురాన్.

నాకు అరబ్బీ రాదు.
ధరలొచ్చు, దారులొచ్చు, పోలీసుకు చెప్పే నాలుగు మాటలొచ్చు.
ఈ గొంతులయి ఆ మాటలు కావు.
అందుకే నేను ఊపిరి వింట.
వాక్యాన్ని పొడుగ్గ తీసి, ఎక్కడో ఎత్తుల నిలిపి, ఇడిసి,
ఆయన గాలి పీల్చుకునే జాగ ఒకటుంటది సూడు,
అక్కడ నేను గూడ పీల్చుకుంట.
మూడేండ్లాయె.
ఏ వాక్యానికి ఎంతసేపు ఆగుతడో
నా కుడికాలుకు ఎరుకే.

సన్ వైజర్ల ఎల్లమ్మ బండారి పొట్లం.
ఆమె ఏమనుకుంటదో నేనడగలే.
ఆమె గూడ ఏమనలే.

హైమాల చాయ్.
బంకు కాడి బలూచీ పోరడు, "ఒంటెలున్నయి, పైలం" అన్నడు చేతులతోని.
అవి రాత్రి వెచ్చటి తారు మీద పండుకుంటయి,
మీదికొచ్చేదాకా కానరావు.

హైమా దాటినంక గొంతు పల్చబడ్డది.
వాక్యం నడుమ గాలి. గాలి నడుమ వాక్యం.
సముద్రం అవతలి పారసీ ఒకటి జొరబడి
ఎవర్నో తిట్టి, లేకపోతే దీవించి, పోయింది.
నిద్ర రావద్దని, అంతే,
షార్ట్‌వేవ్ మీట నొక్కి పటకారు పట్టిన.

"...కళ్లంలో నిలబడిన రైతు గాలి కొరకు ఎదురు చూచును, ప్రియ శ్రోతలారా..."

కాలు బ్రేకు మీద పడ్డది.
రోడ్డు మీద ఏం లేదు.

కళ్లం.

క్యాంపుల తెలుగోళ్లం పదకొండు మందిమి.
జీతం, వీసా, బతాకా, ఎవడు బియ్యం కడిగిండు ఎవడు కడగలే.
కళ్లంతోని మాకు పనేం పడ్తది?

బండి పక్కకు తీసిన.
కదిల్తే గొంతు పోతది, ఇంజను ఆపితే చేపలు పోతయి.
ఇంజను నడవంగనే, చెవి స్పీకరుకానిచ్చి కూసున్న.
కోస్తా పెద్దమనిషి. నడుమ నడుమ సన్నగ దగ్గుతడు.
చేట అన్నడు. తూర్పార అన్నడు. తాలు అన్నడు.
తాలును అగ్గిల ఏస్తరని బెదిరిస్తున్నడు,
నాకు మాత్రం తాలు వాసనొచ్చింది,
మెడ ఎనక దురద వెట్టింది.
బయట, ఎవరూ ఎదురు సూడని గాలి
రాత్రంత వీస్తనే ఉన్నది,
తూర్పార పట్టనీకి ఒక్క గింజ లేదు.

"మీ ప్రార్థన అవసరతలు మాకు వ్రాయండి,
పోస్టు పెట్టె సంఖ్య ఒకటి, తొమ్మిది..."
మిగిలిన అంకెలను ఇసుక మింగింది.

అంకెలు దొరికితే ఇట్ల రాద్దును:
అయ్యా, ప్రార్థనొద్దు.
ఇంకో పది మాటలు చెప్పుండ్రి.
మోట కాడివి, గొర్రు కాడివి, ఏవైనా సరే.
మీ దగ్గుకు శొంఠి నమలుండ్రి.

ఆదం ఊరి దీపాలు కనబడేటాళ్లకు
మొదటి గొంతు మళ్లొచ్చింది,
ఏమీ జరగనట్టు, ఆపిన కాడికెల్లే ఎత్తుకున్నట్టు.
ఆయన ఊపిరి తీసిండు. నేను తీసిన.
ఈసారి నాది కొంచెం ఆలస్యమయింది.

మస్కట్‌ల చేపల మండి కాడ
సూపర్‌వైజర్ ఫోనుల గీత సూపెట్టిండు:
"ఇక్కడ నలభై నిమిషాలు నిలబడ్డవు. ఎందుకు?"

ఒంటె, అన్న.
తారు మీద పండుకున్నది. లేపబుద్ధి కాలే.