వెంట్రుకంత వెడల్పు లేని కాలువ

మా నాయిన తవ్విన కాలువలకు లెక్కలేదు.
భీమా ఒడ్డున, నర్మద కింద, పేరు నోరు తిరగని ఊర్లల్ల
తట్ట, పార, టార్పాలిన్ గుడిసె.
పాలమూరు లేబరంటే దేశమంత తెలుసు.
నీళ్లకే పాలమూరు ఆలస్యంగ తెలిసింది.

నేను గూడ కాలువలే తవ్వుతున్న.
మహబూబ్‌నగర్ల, న్యూటౌన్ వెనక, రెండో అంతస్తుల,
ఏసీ మనసుబడితే నడిచే గదిల.
అచ్చు మీద సిలికాన్ పోసి, వెచ్చగ కాచి,
గట్టివడ్డంక మెల్లగ ఒలుస్త
ముంజ మీది పొర ఒలిచినట్టు, చినగకుండ.
వెంట్రుకను నిలువున పదిహేను పాయలు చీలిస్తె
ఒక్క పాయంత నా కాలువ.
నాయినకు చెప్పిన.
"మరి గజానికి కూలెంత?" అన్నడు.

ఎర్రకణం ఎనిమిది మైక్రాన్లు, సందు ఐదు.
ఎట్ల పడుతది?
బిందె సంకన పెట్టుకొని ఇరుకు గల్లీల
ఎదురొచ్చే బండికి ఓరగ తిరిగే ఆడమనిషి లెక్క
ఒక్క రవ్వ పక్కకు మలిగి, సన్నగై, దాటి,
అవతల మళ్ల తన గుండ్రంల తను.
నెత్తురు తెలివంత ఆ ఒంగుట్లనే ఉన్నది.

ఒంగని కణాలుంటయి.
మొండివి అననీకె నాకు నోరు రాదు.
లోపట ఏదో పుల్లలు పుల్లలుగ పేరుకుంటది,
గాలి తక్కువైనప్పుడల్ల కొడవలి వంకర తిరుగుతయి.
సందు మూతి కాడికొచ్చి నిలవడతయి.
వెనక వరుస.
కెమెరా సెకనుకు రెండువేల బొమ్మలు తీస్తది,
నేను ఆ నిలవడ్డ జాములను కొలుస్త
(జాములంటె మిల్లీసెకన్లే, కణానికి గవే జాములు).
రోగం పేరు ఆ ఆలస్యంల రాసుంటది.

ఒకనాడు టిఫిన్ డబ్బ తెచ్చి, తెర ముంగట నిలవడి
నాయిన అడిగిండు:
"ఒంగనిదాన్ని పానంల ఏం జేస్తరే?"
ఎడమ పక్కటెముకల కింద బల్ల ఉంటది గద నాయినా,
అదే ఏరి పారేస్తది.
జరసేపు పలకలే.
"అంటె మా మేస్త్రి అసొంటిదన్నట్టు."
ఇప్పుడాయన మోకాళ్లు ఒంగవు.
కుర్సీ జరిపిన.

అమ్రాబాద్ గుట్టల మీదికెళ్లి, ఒక పెంట నుంచి
ఈదమ్మొచ్చింది, తొమ్మిదేండ్లది,
మేనమామ మండ్లి గురువయ్య చెయ్యి వట్టుకొని.
చలివడితే కీళ్లల్ల అగ్గి పెడుతదట.
ఎదిగే నొప్పులన్నరట ఒకరు, గాలి అన్నరట ఒకరు.
మూడేండ్ల సంది అనుకుంటనే ఉన్నరు.
నేనడిగింది ఒక్క చుక్క,
తేనెపట్టు పిండితె వేలికంటేదంత గూడ గాదు.

మొదటి చిప్పుల బుడగ ఇరికింది.
రెండోదానికి కరెంటు పోయింది.
గురువయ్య రెండు మాట్ల బస్సు టైము అడిగిండు.
మూడోదాంట్ల నెత్తురు నడిచింది.
పిల్ల స్టూలెక్కి తెరకు ముక్కు ఆనిచ్చింది.

"గదేంది, ఆడనే నిలవడ్డది?
వెనకోళ్లు ఆగిండ్రు గద.
దాన్ని ఎవరన్న జర నూకున్రి."

ఒత్తిడి ఒక్క గీటు పెంచిన.
కదలలే.
ఇంకో గీటు.
కొస మలిగింది, ఒరుసుకుంట, ఒరుసుకుంట
అవతల పడ్డది,
పడ్డంక గూడ గుండ్రం కాలే.

కాగితం మీద పెద్దాసుపత్రి పరీక్ష రాసిన.
నా కాలువ ఒక్కదాని సాక్ష్యం చెల్లదింక,
అది నాకెరుకనే.
కని చెయ్యి ఆగింది రాసేటప్పుడు.

"దాటింది!" అని చప్పట్లు కొట్టింది ఈదమ్మ.
గురువయ్య గూడ నవ్విండు.
మంచి కణాలకు ఆరో, ఏడో పడుతది.
తెర మూలకు అంకె అట్లనే వెలుగుతుంది:
నాలుగు వందల పన్నెండు.