తెరవనక్కర్లేని బాన

తెలావి ఆసుపత్రికి పొద్దున్నే బస్సెక్కాను.
ద్రాక్ష కోతకు ఇంకా పన్నెండు రోజులు.
గోళ్లలో నిన్నటి సున్నం.
మూడు బానలు కడిగాను నిన్న,
నేలలో మెడదాకా పాతిన మట్టిబానలు,
లోపలికి దిగి మాట్లాడితే
మన మాట మనకే తిరిగొచ్చేంత లోతు.
చెర్రీ బెరడు కుంచెతో అడుగు తోముతుంటే
పైనుంచి నా కూతురు అరిచింది
"అమ్మా, ఉత్తరం."

అందులో ఒక్క మాటే చదివాను.
తిత్తి.
మిగతా వాక్యం కళ్లకు ఆనలేదు.
మా అక్క లమారాకూ
మొదట ఇలాంటి చిన్న మాటే వచ్చింది.
తర్వాత పెద్ద మాటలొచ్చాయి.
ఆ తర్వాత ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

డాక్టర్ మ్జెవినార్
ఇనప చెంచాను గోరువెచ్చటి నీళ్లలో తడిపింది.
"గట్టిగా దగ్గు." దగ్గాను.
దీపం దగ్గరకు లాక్కుని
పెరట్లో పడిపోయిన సూది వెతుకుతున్నట్టు
తనలో తానే ఏదో గొణుక్కుంది.
తర్వాత తెరమీద చూపించింది.
గులాబి రంగు కండ, అడ్డంగా సన్నటి చీలిక,
దాని పక్కన మూడు పసుప్పచ్చ మైనపు చుక్కలు.
ఒకదాని మీద ఎర్రటి నరాలు, ఎండు కొమ్మల్లా.

"నలుగుర్ని కన్నావు కదా.
కాన్పుల తర్వాత అక్కడ కొత్త చర్మం పాకుతుంది.
దాని కింద జిగురు ఊరే గ్రంథులుంటాయి.
చర్మం వాటి నోరు మూసేస్తుంది.
జిగురు ఊరడం మానదు. అంతే."

మూడొందల ఏళ్ల కిందట జర్మనీలో ఒక వైద్యుడు
వీటిని గుడ్లనుకున్నాడట.
గుడ్లయితే పొదిగేదాన్నే, అన్నాను.
నవ్వాక గానీ తెలియలేదు
అప్పటిదాకా ఊపిరి బిగబట్టానని.

"అయితే వసంతంలో తెరవాలా?"
బల్లమీద పడుకునే అడిగాను.
మట్టి మెత్తిన మూతను
అలాగే వదిలేసినవాళ్లు మా ఊళ్లో లేరు.

"అక్కర్లేదు.
బాగా పెరిగి నొప్పెడితేనో
పరీక్షకు అడ్డమొస్తేనో
సూదితో గుచ్చి వదిలిస్తాం, కాస్త కాలుస్తాం.
లేదంటే దాని మానాన అది."
"మందు?"
"లేదు."
"పుల్లటివి?"
"తిను."
"మరి లమారా..."
చేతి తొడుగులు విప్పి, కుర్చీ జరుపుకుని కూచుంది.
"అది వేరు. ఇది అదిగా మారదు.
కణాల పరీక్షకు తీసి పంపాను, మూడు వారాల్లో చెబుతారు.
ఆ పరీక్ష మాత్రం ఏ గడువుకీ మానకు.
ఈ చుక్కల కోసం కాదు."

ఇల్లు చేరాను. నాలుగో బాన మిగిలే ఉంది.
దిగి, చీకటి కళ్లకు అలవాటయ్యేదాకా నిలబడి
లమారా, అన్నాను.
లమారా, అంది బాన,
నాకన్నా కాస్త నెమ్మదిగా.

"ఎవర్ని పిలుస్తున్నావ్?" పైనుంచి కూతురు.
కుంచె అందుకోమన్నాను.